అన్నం గిన్నె దగ్గర కరిచిన కుక్క: ఇప్పుడేం చేయాలి?

మూడో అంతస్తు (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మినుము అనే పదహారు నెలల ఆడకుక్క ఉంది. కిందటి ఏడాది వానల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పుట్టిన నాలుగు పిల్లల్లో ఇదొకటి. మిగిలిన మూడింటిని ఎవరెవరో పెంచుకోవడానికి తీసుకుపోగా, మినపగింజలా నల్లగా నిగనిగలాడుతున్న దీన్ని మా పాప వదలలేదు. టీకాలన్నీ వేళకు వేయించాము, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాము. ఇంట్లో నేను, మా వారు, ఆరేళ్ల పాప, అత్తగారు ఉంటాము. కుక్కకు రెండు పూటలా అన్నం కలిపి పెట్టేది అత్తగారే.

నాలుగు నెలల క్రితం, తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరకు వెళ్తే గొంతులోనే గుర్రుమనడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చి నేర్పే ఒక శిక్షకుణ్ని పిలిపించాము. ఈ కుక్క తానే ఇంటికి పెద్దనని అనుకుంటున్నదని, తింటుండగా మధ్యలో గిన్నె లాగేసి కాసేపాగి మళ్లీ పెట్టాలని, గుర్రుమంటే చుట్టిన వార్తాపత్రికతో మూతిమీద కొట్టాలని ఆయన చెప్పారు. మా వారు రెండు నెలలపాటు అలాగే చేశారు. గుర్రుమనడం పూర్తిగా ఆగిపోవడంతో సమస్య తీరిందనుకున్నాము. నిన్న సాయంత్రం అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర కిందపడిన చపాతీ ముక్కను తీయబోతే, చిన్న చప్పుడైనా చేయకుండా ఆమె చేతిని పట్టేసింది. మణికట్టు దగ్గర రెండు పళ్లు దిగి కొంచెం రక్తం వచ్చింది. పసుపు అద్ది గుడ్డ కట్టాము.

"అన్నం పెట్టిన చేతినే కరిచింది, ఇక ఇది ఇంట్లో ఉండకూడదు" అని అత్తగారు అంటున్నారు. ఆమె మాటను కాదనే ధైర్యం నాకు లేదు. ప్రస్తుతానికి మినుమును బాల్కనీలో కట్టేశాము. ఇది బాగుపడే సంగతేనా, లేక వేరే ఇల్లు చూడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కాపలా దండు (విజయవాడ):

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లుగా జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్నాను. ఇప్పుడున్నది మూడోది. మీ శిక్షకుడు చెప్పిన దారి సరైనదే. మీరు దాన్ని మధ్యలో వదిలేశారు, అదే లోపం. కుక్క గుంపులో పెరిగే జంతువు, గుంపుకు ఒక నాయకుడు ఉండాలి. ఇంట్లో అందరూ తిన్న తరువాతే దానికి పెట్టాలి, గుమ్మం మనం దాటిన తరువాతే అది దాటాలి, ఎదురుతిరిగితే వెల్లకిలా పడేసి లొంగేవరకు పట్టుకోవాలి. మీ వారు ఒక్కరే గట్టిగా ఉండి తక్కినవారు గారాబం చేసి ఉంటారు. మొక్కై వంగనిది మానై వంగదంటారు. పదహారు నెలలంటే ఇంకా మొక్కే, ఇప్పుడే వంచండి.

విశ్రాంత పశువైద్యుడు (తిరుపతి):

శిక్షణ సంగతి తరువాత మాట్లాడుకుందాము. మూడో అంతస్తు గారూ, ముందు ఆ పసుపు కడిగేయండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, ఈ రోజే మీ అత్తగారిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పళ్లు దిగి రక్తం వచ్చిందంటే అది మూడో తరగతి కాటు, అంటే అన్నిటికంటే తీవ్రమైనది. రేబిస్ టీకాతోపాటు, ఆ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా గాయం చుట్టూ అవసరమవుతుంది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలోను, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలోను టీకా వేస్తారు. మీ కుక్కకు టీకాలు వేయించి ఉండటం మంచిదే కాని, దాన్ని నమ్ముకొని ఇంట్లో కూర్చోవద్దు. కుక్కను పది రోజులు కళ్లముందే ఉంచుకొని గమనించండి. అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల మాట వైద్యులే చెబుతారు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి వంటివేవీ కుక్కకాటుపై పెట్టకూడదు. నా ఉద్యోగకాలమంతా ఈ మాట చెబుతూనే ఉన్నాను, ఇంకా చెప్పవలసి వస్తూనే ఉంది.

మూడో అంతస్తు (హైదరాబాద్):

డాక్టరు గారూ, మీ మాట చూసిన వెంటనే వెళ్లి వచ్చాము. సూదులు వేశారు, మూడో రోజు మళ్లీ రమ్మన్నారు. మీకు కృతజ్ఞతలు.

విశ్రాంత పశువైద్యుడు (తిరుపతి):

సంతోషం. ఇక కుక్క విషయానికి వద్దాము. తన తిండికి ముప్పు వచ్చిందనుకున్న కుక్క ఒక్కసారిగా కరవదు. మొదట తినే వేగం పెంచుతుంది, తరువాత గిన్నెమీద తల ఉంచి ఒళ్లు బిగదీస్తుంది. తల తిప్పకుండా కంటితో మాత్రమే మనవైపు చూస్తుంది, అప్పుడు కంటి తెలుపు చంద్రవంకలా కనిపిస్తుంది. పై పెదవి లేస్తుంది, గుర్రుమంటుంది, గాలిలో పళ్లు టకటకలాడిస్తుంది. ఇవేవీ పనిచేయనప్పుడు కరుస్తుంది. మినుముకు ఈ మెట్లన్నీ తెలుసు. నాలుగు నెలల క్రితం గుర్రుమన్నదంటే మీకు ముందుగా చెప్పిందన్నమాట. అలా చెప్పినప్పుడల్లా మూతిమీద దెబ్బ పడటంతో, గుర్రుమంటే నొప్పి కలుగుతుందని నేర్చుకొని ఆ మెట్టును మానేసింది. తిండి పోతుందన్న భయం మాత్రం తగ్గలేదు, పైగా రోజూ గిన్నె లాగేయడంతో అది రుజువవుతూ వచ్చింది. అందుకే నిన్న చప్పుడు లేకుండా కరిచింది.

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి చేయి చాపినవారికి కట్లు కట్టడం వైద్యులకు మామూలే. మొరిగే కుక్కా కరుస్తుంది. అయితే మొరగడం, గుర్రుమనడం మాన్పించిన కుక్క ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది ఎప్పుడు కరుస్తుందో ఇంట్లోవారికి తెలియదు.

మరొక్క మాట. ఇంతకాలం సాఫీగా తిన్న కుక్క ఏడాది వయసు దాటాక హఠాత్తుగా ఇలా మారితే, శిక్షకుని కంటే ముందు పశువైద్యుని దగ్గరకు వెళ్లాలి. చెవిపోటు, పంటినొప్పి, తుంటి కీలు లోపం, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, వీటిలో ఏదున్నా ఓర్పు తగ్గుతుంది. నోరు తెరిపించి చూపించండి.

కాపలా దండు (విజయవాడ):

డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. తోడేళ్ల గుంపులో బలమైనది ముందు తింటుంది, తక్కినవి ఆగుతాయి. కుక్క తోడేలు సంతతి. మరి ఇంట్లో నాయకత్వం ఎవరిదో తేల్చకుండా, ఈ మధ్య చాలామంది చెబుతున్నట్టు కరిచిన కుక్కకు చికెన్ ముక్కలు పెట్టి బుజ్జగిస్తే అది తన తప్పుకు బహుమానం దొరికిందని అనుకోదా?

డాలస్ నుంచి (అమెరికా):

ఈ ప్రశ్న ఇక్కడ మేము పనిచేసే కుక్కల ఆశ్రయంలో కూడా దాదాపు ప్రతివారం వినిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తోడేళ్లలో నాయకుడి కోసం నిరంతరం పోరు జరుగుతుందన్న భావనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ ప్రచురించిన పరిశీలన. ఆయన చూసినవి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఒకే ఆవరణలో ఉంచిన తోడేళ్లు. పారిపోయే చోటులేని జంతువులు కొట్టుకోవడంలో వింత లేదు. ఆ భావనను 1970లో తన పుస్తకం ద్వారా బాగా ప్రచారం చేసిన డేవిడ్ మీచ్, తరువాత కెనడా ఉత్తరాన అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గరగా చూసి, గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో రాశారు. తన పాత మాటను తానే దిద్దుకున్న శాస్త్రవేత్త ఆయన. పైగా వీధికుక్కలు తోడేళ్లలా కుటుంబంగా వేటాడి బతికేవి కావు. చెత్తకుండీ దగ్గర దొరికినదాన్ని దొరికినట్టు మింగి బతికేవి.

బహుమానం సంగతి. గుర్రుమన్న తరువాత ముక్క వేయమని ఎవరూ చెప్పరు. అది గుర్రుమనే దూరానికి ముందే ఆగి, నిశ్చింతగా ఉన్నప్పుడు ముక్క వేయాలి. అది ఎందుకు పనిచేస్తుందో డాక్టరు గారే బాగా చెప్పగలరు.

విశ్రాంత పశువైద్యుడు (తిరుపతి):

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ 1904లో నోబెల్ బహుమతి అందుకున్నది జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు. కుక్కల లాలాజలాన్ని కొలుస్తుండగా, ఆహారం నోట పడకముందే, దాన్ని తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే వాటికి నోరూరడం అక్కడివారు గమనించారు. మినుము ఇంట్లో కూడా అడుగుల చప్పుడుకు ఒక అర్థం ఉంది: ఎవరో వస్తున్నారు, గిన్నె పోతుంది. మనం మార్చవలసింది ఆ అర్థాన్ని. ఎవరో వస్తున్నారు, గిన్నెలో ఉన్నదానికంటే మంచిది పడుతుంది అన్నది దానికి వందలసార్లు అనుభవం కావాలి. గిన్నె దగ్గర కుక్క చేసేది కోపంతోనో తెలివితోనో కాదు, భయంతో కాబట్టి, ముక్క వేసినందువల్ల భయం పెరగదు, తగ్గుతుంది.

కొల్లేటి గట్టు (కైకలూరు):

నేను చదువుకున్న శిక్షకుణ్ని కాను. మాది బాతుల పెంపకం చేసిన కుటుంబం, మా తాతల కాలం నుంచి ఇంట్లో జోనంగి కుక్కలున్నాయి. తెలియనివారికి చెబుతున్నాను: పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, మామూలు కుక్కలా మొరగకుండా సాగదీసి కూసినట్టుండే గొంతు, నేలలో గుంత తవ్వుకొని పడుకునే అలవాటు ఉన్న మా ప్రాంతపు జాతి ఇది. బాతుల మందను చెదరకుండా తోలుకురావడంలో దానికి సాటి లేదు. బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది.

ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి గుర్తుకువచ్చింది. మా పెరట్లో కుక్కకు చింతచెట్టు వెనుక ఒక మట్టిమూకుడు ఉండేది. అన్నం పోసి వచ్చేవాళ్లం, మళ్లీ అటు చూసేవాళ్లం కాదు. కుక్క తినేటప్పుడు అటు వెళ్తే మా నాయనమ్మ పిల్లలను కేకలేసేది. గిన్నె లాగి మళ్లీ పెట్టడమనే ఆలోచనే ఎవరికీ రాలేదు. ఇన్నేళ్లలో తిండి దగ్గర మమ్మల్ని కరిచిన కుక్క లేదు. అపార్ట్‌మెంటులో చింతచెట్టు ఉండదని నాకు తెలుసు, కాని తినే జీవిని మాటిమాటికీ ఎందుకు కదిలిస్తున్నారో మాత్రం అర్థం కాలేదు.

మూడో అంతస్తు (హైదరాబాద్):

గట్టు గారూ, మీ మాట చదివి మా వారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేనిపోని సమస్యను మేమే తెచ్చిపెట్టుకున్నామేమోనని అనిపిస్తున్నది.

డాలస్ గారూ, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి. మా వంటిల్లు చిన్నది, పాప ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ తిరుగుతుంది. అత్తగారు మాంసం ముట్టరు. రెండు రోజులుగా బాల్కనీలో కట్టేసినందుకు అది పగలంతా మొరుగుతున్నది, కింది అంతస్తువారు ఫిర్యాదు చేశారు.

సంఘం కార్యదర్శి (హైదరాబాద్):

ఫిర్యాదులు వినేవాడిగా ఒక మాట చెప్పాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఎవరైనా మీకు ఇల్లు ఖాళీ చేయమంటే భయపడవద్దు. అదే సమయంలో, ఎండలో బాల్కనీ కమ్మీకి కట్టిన కుక్క పగలంతా మొరిగితే బాధపడేది కింది అంతస్తువారు మాత్రమే కాదు. కుక్కను పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టివేయడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రూరత్వంగానే లెక్కిస్తుంది. మా భవనంలో మొరుగుడు గురించి వచ్చిన ఫిర్యాదులలో సగానికి పైగా ఇలాంటి బాల్కనీ కుక్కలవే. కింద కుక్కలు, స్కూటర్లు, డెలివరీ కుర్రాళ్లు కనిపిస్తుంటారు. కట్టేసిన కుక్క వాటి దగ్గరకు పోలేక, వాటిని మరచిపోనూ లేక మొరుగుతుంది. ముందు లోపలికి తీసుకురండి.

డాలస్ నుంచి (అమెరికా):

కార్యదర్శి గారి మాటతోనే మొదలుపెడతాను. వంటింటి గుమ్మానికి, అవసరమైతే హాలు మధ్యలో కూడా, పసిపిల్లల కోసం వాడే అడ్డుగేటు ఒకటి బిగించండి. మినుము ఇంట్లోనే ఉంటుంది, అందరినీ చూస్తుంది, కాని వంట చేసేటప్పుడు, పాప తినేటప్పుడు గేటుకు అవతల ఉంటుంది. ఇది శిక్ష కాదు కాబట్టి అటువైపు దానికి నమలడానికి ఏదైనా ఉండాలి. గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. ఉడికించిన ఎముకలు మాత్రం వద్దు, అవి పదునైన చీలికలుగా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

మొదటి రెండు వారాలు గిన్నె జోలికి ఎవరూ వెళ్లవద్దు. దానికంటూ ఒక మూల చూసి, అక్కడ గిన్నె పెట్టి, గేటు వేసి వచ్చేయండి. తినడం అయ్యాక దాన్ని నడకకు తీసుకువెళ్లినప్పుడు ఇంకొకరు ఖాళీ గిన్నె తీయాలి. ఇది పారిపోవడంలా అనిపించవచ్చు. కాని అది భయపడిన ప్రతిసారీ ఆ భయం ఒక మెట్టు పైకి ఎక్కుతుంది కాబట్టి, కొన్నాళ్లు దానికి అవకాశమే ఇవ్వకూడదు.

తరువాత అసలు పని. గిన్నెలో రోజూ పెట్టే అన్నమే ఉండాలి, మీ చేతిలో ఉండేది దానికి ప్రాణమైనది కావాలి. అత్తగారు మాంసం ముట్టరన్నారు కాబట్టి పనీరు ముక్కలు చాలు, శనగగింజంత పరిమాణంలో. అది తింటుండగా పది అడుగుల దూరంలో ఒక క్షణం ఆగి, ముక్కను గిన్నె పక్కన పడేలా విసిరి, వెంటనే వెనుదిరిగి వెళ్లిపోవాలి. వెళ్లిపోవడం ముఖ్యం, ముక్క వేసి అక్కడే నిలబడితే, ఇది గిన్నె లాగే ముందు వేసే ఎర అని అది అనుకుంటుంది. ఒక పూటకు ఎనిమిది, పదిసార్లు చాలు. మీరు కనబడగానే ఒళ్లు బిగదీయకుండా తలెత్తి, తోక వదులుగా ఊపుతూ, ముక్క ఏదీ అన్నట్టు చూడటం మొదలైన తరువాతే ఒక అడుగు దగ్గరకు జరగండి. ఒక పూట బిగుసుకుపోతే రెండడుగులు వెనక్కి రండి. తొందరపడిన వారందరూ ఇక్కడే చెడగొట్టుకుంటారు.

దానికి మీ దగ్గర నమ్మకం కుదిరినంత మాత్రాన మీ వారి దగ్గర కుదిరినట్టు కాదు. ప్రతి మనిషీ పది అడుగుల నుంచే మొదలుపెట్టాలి. మీ వారు పదిహేను అడుగుల నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది, ఎందుకంటే వార్తాపత్రిక ఆయన చేతిలో ఉండేది. పాపకు ఇందులో పని లేదు. ఆరేళ్ల పిల్లలు దూరం కొలుచుకొని ఆగలేరు.

నేలమీద పడిన ముక్కల సంగతి వేరుగా నేర్పాలి. ఒక చాప వేసి, "చాప" అనగానే వెళ్లి దానిమీద కూర్చుంటే ముక్క దొరుకుతుందని అలవాటు చేయండి. వంట మొదలుకాగానే చాపమీదకు పంపేస్తే గుమ్మం దగ్గర చపాతీ కోసం పోటీయే ఉండదు. నోట పట్టుకున్న వస్తువును వదిలించడానికి ఎప్పుడూ మార్పిడి చేయండి: ముక్క చూపించి, అది వదిలాక ముక్క ఇచ్చి, వీలైతే ఆ వస్తువును కూడా తిరిగి ఇచ్చేయాలి. వదిలితే పోదని తెలిసిన కుక్క సులువుగా వదులుతుంది.

విశ్రాంత పశువైద్యుడు (తిరుపతి):

దీనికి ఒకటి కలుపుతాను. ఈ లోగా మూతికి చిక్కం అలవాటు చేయండి. పశువులకు కట్టే చిక్కంలాగే కుక్కలకు బుట్టలాంటివి దొరుకుతాయి. నోరు తెరవడానికి, నీళ్లు తాగడానికి, రొప్పడానికి వీలుండాలి. గుడ్డతో మూతిని బిగించే రకం వద్దు, మన ఎండల్లో కుక్క రొప్పలేకపోతే ప్రాణం మీదకు వస్తుంది. బుట్ట లోపల పెరుగు రాసి, అది తానే మూతి పెట్టేలా వారం రోజులు ఆడుకోండి, ఆ తరువాతే పట్టీ బిగించండి. పంటి పరీక్షకు వెళ్లినప్పుడు మీకు, నా వృత్తిలో ఉన్నవారికి కూడా ఇది అవసరపడుతుంది.

నిర్వాహకులు:

కొందరు ఆ శిక్షకుని పేరు, ఫోను నంబరు అడుగుతున్నారు. అవి ఇక్కడ రాయవద్దని మనవి. శిక్షకుణ్ని ఎంచుకునేటప్పుడు, కుక్క పొరపాటు చేస్తే మీరేం చేస్తారని ముందే అడిగి, ఒక పూట వారు పనిచేసే తీరును చూడండి.

కాపలా దండు (విజయవాడ):

నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నా రెండో కుక్క, పోయి ఆరేళ్లయింది, కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని ఒకసారి ఏ చప్పుడూ లేకుండా కరిచింది. అతనికి వైద్యం చేయించాను, క్షమాపణ చెప్పాను, అది జాతి లక్షణమని సర్దిచెప్పుకున్నాను. చిన్నప్పుడు అది గుర్రుమంటే నేను ఏం చేసేవాడినో ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. తోడేళ్ల విషయంలో నేను విన్నది పాతదని ఒప్పుకుంటున్నాను.

అయితే కట్టడి వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ముప్పై ఐదు కిలోల కుక్క వీధిలో లాక్కుపోతుంటే ముక్కలు వేస్తూ కూర్చోలేము.

డాలస్ నుంచి (అమెరికా):

కట్టడి వద్దని నేను అనలేదు. గేటు వేయమన్నాను, చాపమీద కూర్చోబెట్టమన్నాను, తిండికి వేళ పెట్టమన్నాను, ఇవన్నీ కట్టడే. వీధిలో లాగే కుక్కకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది: తాడు బిగిసిన క్షణంలో మీరు ఆగిపోవాలి, వదులైన క్షణంలో నడవాలి. మొదటి వారం వీధి చివరకు చేరడానికే అరగంట పడుతుంది. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న జీను వేస్తే అది లాగిన బలమే దాన్ని మీవైపు తిప్పుతుంది, మెడకు దెబ్బ తగలదు. ఎవరైనా మధ్యలో ఓపిక నశించి ఒక్కసారి లాగనిచ్చినా, లాగితే దారి దొరుకుతుందని అది మళ్లీ నేర్చుకుంటుంది. నా దృష్టిలో ఇది కుక్కకంటే మనిషికే కష్టమైన శిక్షణ.

మూడో అంతస్తు (హైదరాబాద్):

పదహారు రోజుల తరువాత రాస్తున్నాను. మినుముకు చిక్కం అలవాటు చేసి పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్తే, మత్తు ఇచ్చి నోరు పూర్తిగా చూశారు. ఎడమవైపు పై దవడలోని పెద్ద పన్ను నిలువుగా చీలి, లోపల చీము పట్టి ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి దానికి రాళ్లు కొరికే అలవాటు. మేము దాన్ని ఆట అనుకున్నాము. పన్ను తీసేశారు, పది రోజులు మందులు వాడాము. ఇంతకాలం నొప్పితోనే తింటూ, ఆ నొప్పి మధ్యలోనే గిన్నె పోగొట్టుకుంటూ వచ్చిందని తలచుకుంటే తిండి సహించడం లేదు.

పన్ను తీయగానే అంతా సర్దుకుంటుందని ఆశపడ్డాము, కాని గిన్నె దగ్గర ఇంకా ఒళ్లు బిగదీస్తున్నది. డాక్టరు గారూ, నొప్పి పోయాక కూడా ఎందుకిలా?

విశ్రాంత పశువైద్యుడు (తిరుపతి):

నొప్పి పన్నుతో పోయింది, నేర్చుకున్నది పోలేదు. రెండు నెలలు రోజుకు రెండుసార్లు గిన్నె లాగారంటే నూట ఇరవై పాఠాలు. దాన్ని మరిపించడానికి అంతకు రెండింతలైనా పడుతుందని సిద్ధపడండి. అయితే నొప్పి లేని కుక్క త్వరగా నేర్చుకుంటుంది. మొదటి నెలలో అది గుర్రుమంటే కంగారు పడకండి, కొట్టకండి. ఆ మెట్టు తిరిగి వచ్చిందంటే ఇంట్లో ప్రమాదం తగ్గిందని లెక్క.

మూడో అంతస్తు (హైదరాబాద్):

ఇది మూడో నెల. మొదటి మూడు వారాలు నేను మాత్రమే చేశాను. ఐదో వారంలో, నేను ఒకరోజు తొందరపడి ఒకేసారి మూడడుగులు దగ్గరకు వెళ్తే చాలాకాలం తరువాత గుర్రుమన్నది. నేను ఆగి, వెనక్కి వెళ్లి, వంటింట్లో కూర్చొని ఏడ్చాను. అది దుఃఖంతో కాదు, ఆ చప్పుడు మళ్లీ విన్నందుకు. ఇప్పుడు నేను గిన్నె పక్కన నిలబడి చేత్తో అందులో పనీరు వేసినా తోక ఊపుతుంది. మా వారు ఇంకా నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయన ఇంట్లో చదివే వార్తాపత్రికను మాత్రం ఇప్పటికీ మడవరు. మడత చప్పుడు వింటే అది బల్లకిందకు వెళ్లిపోతుంది.

అత్తగారు మొదటి నెలంతా దాని వైపు చూడలేదు. కార్తీక సోమవారం ఉపవాసం విడిచిన రాత్రి, తన విస్తరిలోని పనీరు ముక్కను గేటు మీదుగా విసిరి, ఎవరూ చూడలేదనుకొని లోపలికి వెళ్లిపోయారు. మరునాటి నుంచి లెక్కపెట్టుకొని పది ముక్కలు, ఎనిమిది అడుగుల దూరం నుంచి. గేటు తీసేయమని పాప అడుగుతున్నది. పాప తినే వేళ గేటు వేసే ఉంచుతున్నాము, ఇంకో ఏడాదైనా తీయము.

కొల్లేటి గట్టు (కైకలూరు):

పెద్దావిడను అడిగామని చెప్పండి. గిన్నె పెట్టే మూల బాల్కనీలోనా, హాల్లోనా?

మూడో అంతస్తు (హైదరాబాద్):

హాల్లోనే, పూజగది పక్కన మూల. అత్తగారే చూపించారు.